దూరం పెరిగినా ప్రయాణం తగ్గొచ్చు: విమాన సమయాల లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతవరకు అట్లాంటిక్ మీదుగా దాదాపు 13,900 కిలోమీటర్లు ఎగిరే విమానాన్ని పసిఫిక్ మీదుగా పంపడం మొదలుపెట్టింది. కొత్త దారి దాదాపు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు చుట్టు. మరి ప్రయాణ సమయం పెరగాలి కదా? పెరగలేదు సరికదా, సుమారు రెండు గంటలు తగ్గింది.

ఇంకో సంగతి. ఈ రెండు అంకెల్లో ఏదీ ఆ రెండు ఊళ్ల మధ్య ఉన్న అసలు దూరం కాదు. గ్లోబు మీద కొలిస్తే అది సుమారు 12,400 కిలోమీటర్లే.

ఆన్‌లైన్‌లో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే క్షణంలో రెండు అంకెలు వస్తాయి: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు. రెండూ ఒకే గడిలో పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి రెంటినీ ఒకేలా నమ్మేస్తాం. మొదటి అంకె దాదాపు కచ్చితం, దానికి జ్యామితి చాలు. రెండోది మాత్రం ఆ దూరాన్ని ఏదో ఒక సగటు వేగంతో, సాధారణంగా గంటకు 800 నుంచి 900 కిలోమీటర్ల మధ్య, భాగించి, పైకి లేవడానికీ దిగడానికీ ఓ అరగంట కలిపిన అంచనా మాత్రమే. దగ్గరి ఊళ్లకు ఇది బాగానే సరిపోతుంది. ఊళ్లు దూరమయ్యేకొద్దీ అంచనాకీ నిజానికీ మధ్య గంటల తేడా వస్తుంది.

మ్యాపు మీద గీత, గ్లోబు మీద దారం

ముందు దూరం సంగతి చూద్దాం. బంతి మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే అది ఏ దారిన పోతుందో అదే గ్రేట్ సర్కిల్. గోడకు తగిలించే మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత దాదాపు ఎప్పుడూ అది కాదు.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీని, అలాస్కాలోని యాంకరేజ్‌ని తీసుకోండి. రెండూ ఉత్తరాన 60, 61 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి. గోడ మ్యాపు మీద వాటి మధ్య గీత గీస్తే నార్వే, గ్రీన్‌లాండ్ దక్షిణ కొస, కెనడా మీదుగా పడమటికి అడ్డంగా సాగిపోతుంది. ఆ గీత పొడవు సుమారు 9,500 కిలోమీటర్లు. అయితే ఈ రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 175 డిగ్రీలు. అంటే ఉత్తర ధ్రువానికి ఒకటి ఇటుపక్క, ఒకటి అటుపక్క ఉన్నాయన్నమాట. ధ్రువం పక్క నుంచి నేరుగా వెళ్తే సుమారు 6,500 కిలోమీటర్లే. మ్యాపు మూడు వేల కిలోమీటర్లు ఎక్కువ చూపించింది.

విమానయానంలో ఈ సంగతి ఎప్పుడో వాడుకలోకి వచ్చింది. 1957లోనే స్కాండినేవియా దేశాల విమాన సంస్థ ఎస్ఏఎస్ కోపెన్‌హాగెన్ నుంచి ధ్రువం మీదుగా యాంకరేజ్ చేరి, అక్కడ ఇంధనం నింపుకొని టోక్యో వెళ్లే సర్వీసు నడిపింది. సోవియట్ గగనతలం మీద ఎగరనివ్వని రోజుల్లో యూరప్, జపాన్ మధ్య తిరిగే విమానాలకు యాంకరేజ్ పెద్ద మజిలీ. 1983లో ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్ డీసీ-10 విమానంతో హెల్సింకీ నుంచి ధ్రువం మీదుగా టోక్యోకు ఎక్కడా ఆగకుండా ఎగిరింది.

దూరం లెక్కకు కావలసినవి రెండు చోట్ల అక్షాంశం, రేఖాంశం మాత్రమే. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుని, స్కూల్లో చదివిన సైన్లు, కొసైన్లతోనే లెక్క తేలిపోతుంది. భూమి కచ్చితమైన గోళం కాదు, భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం ధ్రువాల దగ్గర కన్నా 21 కిలోమీటర్లు ఎక్కువ. దానివల్ల వచ్చే తప్పు ఎంత ఎక్కువ అనుకున్నా అర శాతం దాటదు. ఒకే జత ఎయిర్‌పోర్టులకు రెండు చోట్ల 20, 30 కిలోమీటర్ల తేడా కనిపిస్తే కారణం సాధారణంగా ఇదే. పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవలసింది యూనిట్లను. విమానాల వాళ్లు వాడేది నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. మామూలు మైలు 1,609 మీటర్లు. ఒకదాన్ని ఇంకోటి అనుకుంటే సుదూర ప్రయాణంలో వెయ్యి కిలోమీటర్లకు పైగా తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు సింగపూర్, న్యూయార్క్. ప్రస్తుతం ఎక్కడా ఆగకుండా నడిచే సర్వీసుల్లో అత్యంత దూరాల వరసలో ముందుండే జంట ఇది. రెండిటి రేఖాంశాల మధ్య తేడా దాదాపు 178 డిగ్రీలు. కాబట్టి అతి దగ్గరి దారి సింగపూర్ నుంచి నిటారుగా ఉత్తరానికి పోయి, ధ్రువం అంచు తాకి, అటువైపు కిందికి దిగుతుంది. లెక్క కడితే సుమారు 15,340 కిలోమీటర్లు. అయితే 2018లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ న్యూయార్క్ పక్కనున్న నెవార్క్‌కు ఏ350 విమానంతో సర్వీసు తిరిగి మొదలుపెట్టినప్పుడు చెప్పిన ప్రయాణ దూరం సుమారు 16,700 కిలోమీటర్లు, సమయం 18 గంటల 45 నిమిషాలు. నెవార్క్, న్యూయార్క్ పక్కపక్కనే ఉన్నాయి, జ్యామితిలో పెద్ద తేడా ఏమీ లేదు. మరి 1,300 కిలోమీటర్ల పైచిలుకు ఎక్కడి నుంచి వచ్చింది?

గాలి

పెద్ద విమానాలు ఎత్తులో ధ్వని వేగంలో 85 శాతం దగ్గర ఎగురుతాయి. అక్కడ చలికి ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కిలోమీటర్లకు పడిపోతుంది కాబట్టి విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అవుతుంది. కానీ ఇది చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే ఉండే వేగం, నేలతో పోలిస్తే కాదు. ఏట్లో పడవ సంగతి తెలిసిందేగా, వాలున పోతే ఒక వేగం, ఎదురీదితే ఒక వేగం. విమానం కూడా ఎప్పుడూ కదిలే గాలిలోనే ఉంటుంది.

ఆ గాలి తక్కువదేం కాదు. నేల నుంచి 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే చోటే, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం వీస్తుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగం దానికి మామూలే, కొన్నిసార్లు 300 దాటుతుంది. 1920ల్లోనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలుల్ని కొలిచాడు. పాపం, ప్రపంచమంతా చదవాలని తన నివేదికను అన్ని దేశాలకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో అచ్చు వేయించాడు. ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వెళ్లిన అమెరికా బాంబర్లకు ఆ గాలి అనుభవంలోకి వచ్చాకే అందరికీ తెలిసింది.

లెక్క చూడండి. రెండు ఊళ్ల మధ్య 6,000 కిలోమీటర్లు, విమానం వేగం 900 అనుకుందాం. గాలి లేకపోతే పోను 6 గంటల 40 నిమిషాలు, రాను 6 గంటల 40 నిమిషాలు, మొత్తం 13 గంటల 20 నిమిషాలు. ఇప్పుడు గంటకు 150 కిలోమీటర్ల గాలి వీస్తోందనుకోండి. గాలివాటున వెళ్తే వేగం 1,050 అవుతుంది, 5 గంటల 43 నిమిషాల్లో చేరతాం. ఎదురుగాలిలో వేగం 750కి పడిపోయి 8 గంటలు పడుతుంది. మొత్తం 13 గంటల 43 నిమిషాలు. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుందిలే, లెక్క సమానం అనుకుంటాం. కాదు. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం కాబట్టి నష్టమే ఎక్కువ.

టోక్యో, లాస్ ఏంజెలెస్ మధ్య దూరం సుమారు 8,800 కిలోమీటర్లు. తూర్పుకి పోతే దాదాపు 10 గంటలు, పడమటికి తిరిగొస్తే దాదాపు 12. శీతకాలంలో తేడా ఇంకా పెరుగుతుంది. అప్పుడు ధ్రువ ప్రాంతానికీ ఉష్ణమండలానికీ మధ్య ఉష్ణోగ్రతల తేడా ఎక్కువై జెట్ స్ట్రీమ్ బలం పుంజుకుంటుంది. అందుకే ఒకే సర్వీసుకు విమాన సంస్థలు వేసవి టైమ్‌టేబుల్లో ఒక సమయం, శీతకాలం టైమ్‌టేబుల్లో ఇంకో సమయం వేస్తాయి. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనక నుంచి తోస్తుంటే బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేలతో పోలిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అయినా అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు, చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది తన మామూలు వేగంలోనే ఉంది.

ఇక్కడే ఒక అపోహ సంగతీ తేల్చేద్దాం. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి పడమటికి పోతే గమ్యమే ఎదురొచ్చి ప్రయాణం తగ్గాలి కదా అని చాలామంది అడుగుతారు. జరిగేది సరిగ్గా దానికి తలకిందులు, అదే ఆ వాదన తప్పని చెప్పడానికి చాలు. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. గాలి ఆ తిరుగుడులో పాలు పంచుకోకపోతే ఇంట్లోంచి అడుగు బయటపెట్టడం కూడా కుదరదు. భూమితో పాటే గాలీ, రన్‌వే మీద నిలబడ్డ విమానమూ తిరుగుతూనే ఉంటాయి. భూభ్రమణం ప్రభావం లేదని కాదు. ఉష్ణమండలం నుంచి ధ్రువాల వైపు కదిలే గాలిని అది తూర్పుకి మళ్లిస్తుంది, జెట్ స్ట్రీమ్ పుట్టేది అలాగే. అంటే భూమి తిరగడం విమానాన్ని తాకేది గాలి ద్వారానే.

ఎయిర్ ఇండియా లెక్క ఇప్పుడు విడిపోతుంది. అట్లాంటిక్ దారిలో విమానం పడమటికి, ఎదురుగాలిలో పోవాలి. పసిఫిక్ దారిలో తూర్పుకి, గాలివాటున పోతుంది. నేల మీద కిలోమీటర్లు పెరిగాయి కానీ కదిలే గాలితో పోలిస్తే ఎగరాల్సిన దూరం తగ్గింది. న్యూయార్క్, సింగపూర్ సర్వీసూ అంతే. సింగపూర్ నుంచి వెళ్లేటప్పుడు తరచుగా పసిఫిక్ మీదుగా తూర్పుకి పోతుంది, తిరిగొచ్చేటప్పుడు చాలాసార్లు అట్లాంటిక్ మీదుగా, మళ్లీ తూర్పుకే వస్తుంది. అలా రాను పోను టికెట్ కొన్నవాళ్లు భూప్రదక్షిణ చేసినట్టే. ఏ రోజు ఏ దారి అనేది ఆ రోజు గాలి సూచనలు చూసి, ఇంధనం లెక్క వేసి నిర్ణయిస్తారు. ఉత్తర అట్లాంటిక్ మీద అయితే కెనడా వైపు గాండర్, యూరప్ వైపు షాన్విక్ కంట్రోల్ కేంద్రాలు గాలుల్ని బట్టి దారుల్నే ఏ రోజుకు ఆ రోజు కొత్తగా గీసి ఇస్తూ వచ్చాయి.

గాలి ఒక్కటే కాదు

అనుమతి కూడా ఒక అడ్డంకి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం యూరప్ సంస్థలకు మూతపడింది. తొమ్మిదిన్నర గంటల హెల్సింకీ–టోక్యో ప్రయాణం దాదాపు 13 గంటలైంది. మధ్య దూరం అంగుళం కూడా మారలేదు. ఫిన్‌ఎయిర్ మళ్లీ 1983 నాటి ధ్రువం దారినే పట్టుకుంది. యుద్ధం ఎక్కడో జరిగితే టికెట్ మీద గంటలు మారడం ఇలాగే. కంప్యూటర్ చూపించే అంచనా గంటల్లో మాత్రం ఈ మార్పు కనబడదు. దానికి సరిహద్దులు తెలియవు.

ఇంజిన్ల నిబంధన ఒకటుంది. రెండు ఇంజిన్ల విమానానికి దారిలో ఒకటి ఆగిపోతే, రెండోదానితో నిర్ణీత సమయంలో చేరగల ఎయిర్‌పోర్టు ఏదో ఒకటి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. అమెరికాలో 1953 నుంచి ఆ సమయం 60 నిమిషాలు. అందువల్ల మహాసముద్రాల మీద నేరుగా పోవడం కుదరక విమానాలు తీరాల్ని, దీవుల్ని ఆనుకుని వంకర దారిలో పోయేవి, లేదా ఆ సర్వీసులు మూడు నాలుగు ఇంజిన్ల విమానాలకే దక్కేవి. 1985లో దాన్ని 120 నిమిషాలు, 1988లో 180 నిమిషాలు చేశారు. ఇప్పుడు ఏ350కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికాల మధ్య దక్షిణ మహాసముద్రం మీద ఎగిరే దారులు రెండు ఇంజిన్లతో సాధ్యమైంది ఇలాంటి సడలింపులతోనే.

ఇక నేల మీద గడిచే సమయం. టికెట్ మీద రాసే వ్యవధి గాలిలో ఉండే సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలిన క్షణం నుంచి, అవతల గేటు దగ్గర ఆగిన క్షణం దాకా లెక్క. దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రద్దీ ఎయిర్‌పోర్టులో రన్‌వే దాకా వెళ్లి వరసలో నిలబడడానికే అరగంట పట్టొచ్చు. దిగేటప్పుడు చివరి 200 కిలోమీటర్లకు ఇంచుమించు ఇంకో అరగంట. పైగా ఆలస్యమైనా టైముకే చేరినట్టు కనబడాలని సంస్థలు కొంత అదనంగా కలుపుకుంటాయి. అరగంట ఆలస్యంగా బయల్దేరి కూడా టైముకే దిగడం వెనక ఉన్నది చాలావరకు పైలట్ చాకచక్యం కాదు, ఈ అదనపు నిమిషాలే. వేగం పెంచి సమయం మిగిల్చడానికి పెద్దగా వీలుండదు. ధ్వని వేగానికి దగ్గరయ్యేకొద్దీ ఇంధనం ఖర్చు విపరీతంగా పెరుగుతుంది. ధ్వనికి రెట్టింపు వేగంతో మూడున్నర గంటల్లో లండన్ నుంచి న్యూయార్క్ చేరిన కాంకార్డ్ 2003లో ఆగిపోయింది, ఆ స్థానంలోకి ఇంకోటి రాలేదు.

గడియారం చేసే గందరగోళం

టికెట్ చూసి ప్రయాణ సమయం లెక్కకట్టేటప్పుడు ఎక్కువమంది తికమకపడేది ఇక్కడ. బయల్దేరే టైము ఆ ఊరి టైము, దిగే టైము ఈ ఊరి టైము. రెండింటి మధ్య తేడా తీస్తే వచ్చేది ప్రయాణ వ్యవధి కాదు.

టోక్యోలో జనవరి నెలలో ఒక సాయంత్రం 5 గంటలకు విమానం ఎక్కారనుకోండి. లాస్ ఏంజెలెస్‌లో దిగేసరికి అక్కడ అదే రోజు ఉదయం 10 అవుతుంది. బయల్దేరిన టైము కన్నా ఏడు గంటల ముందే దిగారు! రెండు టైముల్నీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే టైములోకి, మారిస్తే చిక్కు వీడుతుంది. టోక్యో యూటీసీ కన్నా 9 గంటలు ముందు, కాబట్టి బయల్దేరింది యూటీసీ ప్రకారం 8 గంటలకు. లాస్ ఏంజెలెస్ శీతకాలంలో 8 గంటలు వెనక, కాబట్టి దిగింది 18 గంటలకు. ప్రయాణం 10 గంటలు. తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం 12కి బయల్దేరి 12 గంటలు ఎగిరితే టోక్యోలో మర్నాడు సాయంత్రం 5 అవుతుంది. టికెట్ మీద టైము పక్కన చిన్నగా +1 అని ఉండేది దీనికే. హోటల్ బుక్ చేసేటప్పుడు ఆ చిన్న అంకెను చూడకపోతే ఒక రాత్రి అద్దె గల్లంతు.

ఈ తేడా ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందనీ అనుకోకూడదు. లండన్, సిడ్నీ రెండు చోట్లా వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు. అయితే ఇక్కడ వేసవి అయితే అక్కడ చలికాలం. అందుకని వాటి మధ్య తేడా జనవరిలో 11 గంటలు, జూలైలో 9 గంటలు, మధ్యలో కొన్ని వారాలు 10 గంటలు. ఇంకా విడ్డూరం కావాలంటే పసిఫిక్‌లోని దీవుల దేశం సమోవా. 2011 డిసెంబరు 30వ తేదీని క్యాలెండర్లోంచి తీసేసి ఆ దేశం, తేదీ మారే గీత అయిన డేట్‌లైన్ ఇటువైపుకి వచ్చేసింది. పక్కనే ఉన్న అమెరికన్ సమోవాకు దూరం రెండు వందల కిలోమీటర్లు కూడా ఉండదు, తేడా మాత్రం 24 గంటలు. గంటలోపు ప్రయాణం చేసి నిన్నట్లో దిగొచ్చు.

ఒకే ఫ్లైట్ నంబరు ఉందంటే మధ్యలో ఆగదని కాదు. సిడ్నీ నుంచి సింగపూర్‌లో ఆగి లండన్ వెళ్లిన ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ సర్వీసుకు నంబరు ఒక్కటే. అలాంటి వాటిని డైరెక్ట్ అని అమ్ముతారు, నాన్‌స్టాప్ అంటేనే ఎక్కడా దిగదు. విమానం మారే ప్రయాణమైతే రెండు ఊళ్ల మధ్య దూరం చూసి లాభం లేదు, మధ్య ఊరికి ఎంత, అక్కడి నుంచి ఎంత అని విడివిడిగా చూసి, మధ్యలో ఆగే గంటలు కలుపుకోవాలి. నన్నడిగితే, అంచనా గంటలు చూసి ప్లాన్ వేసుకునేకన్నా, అదే దారిలో అదే నెలలో తిరిగే సర్వీసు టైమ్‌టేబుల్ చూడడం మేలు. గాలి, చుట్టుదారి, రన్‌వే దగ్గర పడిగాపులు అన్నీ అందులో అప్పటికే కలిసి ఉంటాయి.

సిడ్నీ, లండన్ మధ్య ఆగకుండా ఎగరడానికి క్వాంటాస్ సన్నాహాలు చేస్తోంది. ఆ దూరం సుమారు 17,000 కిలోమీటర్లు. 2019 నవంబరులో లండన్ నుంచి సిడ్నీకి కొద్దిమందితో పరీక్షగా ఎగిరిన విమానానికి 19 గంటల 19 నిమిషాలు పట్టింది. దీనికి పైన ఇంక పెద్దగా మిగల్లేదు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు చోట్ల మధ్యా అతి దగ్గరి దారి సుమారు 20,000 దాటదు. సరిగ్గా అంత దూరంలో, గ్లోబుకు ఎదురెదురు కొసల్లో రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయనుకుంటే, ఉత్తరానికి పోయినా దక్షిణానికి పోయినా, తూర్పయినా పడమరయినా దూరం ఇంచుమించు ఒకటే. అక్కడ దారి ఎంచుకోవడానికి కిలోమీటర్లు పనికిరావు, ఆ రోజు గాలి ఎటు వీస్తోందో, ఎవరి గగనతలం తెరిచి ఉందో చూసుకుని బయల్దేరడమే.